ఎడమ చేత్తో లేపు

నవంబరు 3

ఈ పుస్తకం నాది కాదు. డాక్టరమ్మ ఆయనకిచ్చింది. నడుము నొప్పి ఏ రోజు ఎంత ఉందో, ఎప్పుడు ఎక్కువైందో రాసుకోమంది. ఆయన దాన్ని దిండు కింద పెట్టి, దిండు మీద తల పెట్టి, గోడ వైపు తిరిగాడు. ఖాళీ కాగితం కనిపిస్తే నా చేతికి దురద. చదువు ఏడో తరగతిలో ఆగింది గానీ, అప్పటికే పంతుళ్ళందరి బొమ్మలూ బడి గోడల మీద వేసిపెట్టినదాన్ని. కాబట్టి ఆయన నొప్పి నేనే రాస్తాను.

నొప్పి: తెలియదు. నోరు విప్పితే కదా.

నవంబరు 4

కిటికీ మూయమని చెయ్యెత్తి చూపించాడు. మూశాను. అందులోంచి చూస్తే దూరంగా క్వారీ అంచు, ఆ అంచు మీద సవతి మెడ కనిపిస్తాయి.

సవతి అంటే పొక్లెయిన్. కొండను తవ్వి టిప్పర్లకెత్తే పసుపుపచ్చ బండి. పగలంతా ఆయన దాని ఒడిలో, రాత్రి నా పక్కన. నేనెక్కువా, అదెక్కువా అని ఒకసారి అడిగాను. ఎండాకాలం పగలు పొడుగు, చలికాలం రాత్రి పొడుగు అన్నాడు. నవ్వలేదు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు తక్కువ. ఆ రోజే దానికా పేరు పెట్టాను. ఇప్పుడు క్వారీ మొత్తం అలాగే పిలుస్తుంది.

ఇంకోసారి ఆ బండెక్కితే కాళ్ళు కూడా చచ్చుబడతాయంది డాక్టరమ్మ. ఆ అదురు వెన్నుకి పడదట. సరేనని తలూపాడు. ఇంటికొచ్చి టీ కూడా అడిగి తాగాడు. మర్నాడు సూపర్‌వైజరు వచ్చి మంచం పక్కన కూర్చుని, ఆ బండిని ఇక్కడ నడపగలిగేవాళ్ళు లేరనీ, నెలాఖరు దాకా చూసి కొండవతల క్వారీకి పంపేస్తామనీ చెప్పాడు. 'పంపండి' అన్నాడు ఈయన. అదే ఆఖరి మాట. ఆ తర్వాత లేవలేదు. స్నానానికీ భోజనానికీ తప్ప ఆ మంచానికీ ఆయనకీ మధ్య సందు లేదు. నడవమనే డాక్టరమ్మ చెప్పింది. నడవకపోతే నడవడం మరిచిపోతారంది.

నొప్పి: గోడనడగాలి.

నవంబరు 6

పొగమంచు. క్వారీ గేటు దగ్గర కర్ర లేపడం నా ఉద్యోగం. టిప్పరొస్తే లేపాలి, వెళ్ళాక దించాలి. కొత్త డ్రైవర్లు అక్కా అని పిలిచేదాకా లేపను. ఒకడు గీర్వాణంగా మేడం అన్నాడు, వాణ్ణి ఇంజను చల్లబడేదాకా నిలబెట్టాను.

ఇవాళ కర్ర లేపితే దాని కొస మంచులో కలిసిపోయింది. నా చెయ్యి ఎక్కడ అయిపోయిందో, కర్ర ఎక్కడ మొదలైందో తెలియలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాను. వెనక టిప్పర్లు హారన్లు కొడుతున్నాయి, అవెక్కడో నీళ్ళ కింద మోగుతున్నట్టున్నాయి. మంచు కాస్త పలచబడ్డాక అంచు మీద సవతి కనిపించింది. ఒక్కతే. మెడ వంచుకుని, మట్టెత్తే బకెట్టు నేలకానించి. నిద్రపోతున్నట్టుంది. అలిగి పడుకున్నట్టు కూడా ఉంది. మా ఇంట్లో ఒకాయన పడుకున్నట్టే.

అప్పుడు తట్టింది. దాన్ని నేను నడిపితే? నేను. గేటు కర్ర పిల్ల. ఆయనకు ఎక్కడ మండాలో సరిగ్గా అక్కడ మండుతుంది. మండితే లేస్తాడు, లేచి తిడతాడు. తిట్టనీ. నాకేం, సరదాకే.

సూపర్‌వైజర్ని అడిగాను. ఏదడిగినా 'చూద్దాం' అనడం ఆయన అలవాటు. పెళ్ళి చేసుకుంటావా అని ఎవరో అడిగినప్పుడు కూడా అలాగే అనుంటాడు, ఇప్పటికీ ఒంటికాయే. నేను పెట్టిన పేరు చూద్దాంగారు. ఇవాళా చూద్దాం అన్నాడు. వద్దనలేదు కదా. అంటే సరేనన్నట్టే.

నవంబరు 7

మరిది క్వారీలోనే మెకానిక్కు. నేర్పమంటే ఒళ్ళంతా గ్రీజుతో నవ్వాడు.

"వదినా, గేటు కర్ర లేపినంత తేలిక కాదు."

"మీ అన్నయ్యని లేపినంత కష్టమా?"

నవ్వు ఆపేశాడు. వెళ్ళి కాలవలు తవ్వే పిల్ల బండి తాళం తెచ్చాడు.

నవంబరు 8

రెండు లివర్లు. మనిషి చేతిలాగే ఆ బండికీ ఒక చెయ్యి. భుజం, మోచెయ్యి, అరచెయ్యి. కుడి లివరు వెనక్కి లాగితే భుజం లేస్తుంది, ముందుకు తోస్తే దిగుతుంది. అదే లివరు పక్కలకు ఆడిస్తే అరచెయ్యి, అంటే బకెట్టు, ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది. ఎడమ లివరుతో మోచెయ్యి చాపడం, ముడవడం. దాన్నే పక్కలకు తిప్పితే బండి మొత్తం నడుము తిప్పుతుంది. మరిది చెప్పింది ఇంతే. విన్నప్పుడు చిన్నపిల్లలాట. కూర్చున్నాక, మోచెయ్యి చాపబోతే భుజం లేచింది, అరచెయ్యి ముడవబోతే నడుము తిరిగింది, తాగొచ్చినవాడు చొక్కా వేసుకుంటున్నట్టు.

నొప్పి: ఆయనది తెలియదు. నా మెడ పట్టేసింది.

నవంబరు 10

ఆయనకు చెప్పేశాను. మీ రెండో ఆవిడ నడిపే విద్య నేర్చుకుంటున్నాను, గ్రీజు అయిపోతే వంటనూనె రాస్తున్నాం, బాగానే తిరుగుతోంది అన్నాను. కదల్లేదు. రాయి ఎత్తేటప్పుడు ఇంజను మరీ రొద పెడుతోందని గొట్టంలో గుడ్డ కుక్కాం అన్నాను.

చెవి ఎర్రబడింది. చూశాను. వెనక నుంచి చెవి ఒక్కటే కనిపిస్తుంది.

నవంబరు 11

ఇవాళ చెవి కూడా లేదు. దుప్పటి కప్పేశాడు.

నవంబరు 14

చేతులు ఇంటికొచ్చినా బండి దిగడం లేదు. గ్లాసు ఎత్తుతుంటే ముందు భుజం, తర్వాత మోచెయ్యి, ఆఖర్న వేళ్ళు, వేటికవి విడివిడిగా వెళ్ళి గ్లాసును పట్టుకుంటున్నాయి. నీళ్ళు తొణక్కుండా గాల్లో తేలి నోటిదాకా వచ్చాయి. ఎవరో లోపల కూర్చుని నన్ను నడుపుతున్నట్టు, నేను కళ్ళనే కిటికీల్లోంచి చూస్తున్నట్టు ఉంది. భయం వేయలేదు. బాగుంది. తల దువ్వుకుంటూ కూడా అలాగే చాలాసేపు ఉండిపోయాను.

పిల్ల బండి ఇప్పుడు నా మాట వింటోంది. కాలవలోంచి ఒక్క గులకరాయిని తీసి గట్టు మీద పెట్టాను. మరిది చప్పట్లు కొట్టాడు. సోమవారం సవతినెక్కుతానన్నాను.

నవంబరు 17

సవతి సీటులో ఆయన ఆకారం ఉంది. ఇన్నేళ్ళు కూర్చున్న చోట గుంట పడింది. ఆ గుంటలో ఒదిగాను. సవతి ఒళ్ళో కూర్చుందామని వెళ్ళి మొగుడి ఒళ్ళో కూర్చున్నాను. అద్దం మీద చూపుడు వేలి ముద్ర ఒకటి, ఆయనదే. తుడవలేదు.

కింద అందరూ చేరారు. చూద్దాంగారు కుర్చీ వేయించుకుని కూర్చుని, ఇంజను ఉరమగానే లేచి నాలుగడుగులు వెనక్కి జరిగాడు. అది ఆయన చేసిన పుణ్యం. భుజం లేపుదామని కుడి లివరు లాగాను. భుజం లేవలేదు. మోచెయ్యి ముడుచుకుని నా మీదికే వచ్చింది. కంగారులో ఎదురు తోశాను. చెయ్యి ఒక్కసారిగా చాచుకుని వెళ్ళి కుర్చీ మీద పడింది. ఇన్నాళ్ళూ అది మామూలు కుర్చీ. ఇప్పుడు మడత కుర్చీ.

చూద్దాంగారు మొదటిసారి చూద్దాం అనలేదు. వద్దన్నాడు.

నవంబరు 18

సంగతేమిటంటే సవతికి చేతులు తిరగేసి ఉన్నాయి. ఆయన పని నేర్చుకున్న పాత బండికి భుజం ఎడమ లివర్లో, మోచెయ్యి కుడి లివర్లో ఉండేవట. ఈ బండి వచ్చినప్పుడు చేతులు మార్చుకోలేక, తమ్ముడి చేత లివర్లకొచ్చే నూనె గొట్టాలే అటుదిటు మార్పించాడట. అందుకే మిగతా డ్రైవర్లెవరూ దాన్ని నడపలేరు. అందుకే పంపేస్తున్నారు. గొట్టాలు వెనక్కి మార్చనని మరిది మొండికేశాడట, కొండవతల వేరే మెకానిక్కున్నాడు. మార్చాక అది ఆయన బండి కాదు, ఏదో ఒక బండి.

ముందే చెప్పొచ్చు కదా అని మరిదిని పట్టుకున్నాను.

"నువ్వాయన భార్యవి వదినా. నీకు తెలియదని నేనెలా అనుకుంటాను?"

క్వారీలో అందరూ అలాగే అనుకున్నారు. టీ పోసే ముసలాయనకి కూడా తెలుసు. నాకే తెలియదు. ఆయన దుప్పటి ఏ పక్కకి లాక్కుంటాడో, ఏ పంటితో నములుతాడో తెలుసు. పగలంతా ఏ చేత్తో కొండనెత్తుతాడో తెలియదు.

మరిదే బతిమాలాడు. పాత గోతిలో, మనుషులూ కుర్చీలూ లేనిచోట, సాయంత్రాలు నేర్చుకుంటుంది అన్నాడు. నెలాఖరు ముందురోజు ఒక టిప్పరు నింపి చూపిస్తుంది, బకెట్టు టిప్పరు అంచుకు తగిలితే బండి పంపేయండి అన్నాడు. చూద్దాంగారు తన పాత 'చూద్దాం'కి తిరిగొచ్చాడు.

ఆయనకు కుర్చీ సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలియదు. చెప్పుంటే మంచి జోకు.

నవంబరు 19

తెలిసినంత మాత్రాన చేతులు వినవు. నేర్చుకున్నది మరవడం ఎవరూ నేర్పరు.

నవంబరు 20

దీన్ని నెమ్మదిగా రాయాలి.

గేటు పని అయ్యాక మధ్యాహ్నం ఇంటికొచ్చి తిని, ఆయన పక్కనే నడుం వాల్చాను. కిటికీ రెక్కల సందులోంచి సన్నటి వెలుగు, అందులో ధూళి నెమ్మదిగా తిరుగుతోంది. నిద్ర పట్టేసింది. కలలో కొండ మెత్తగా ఉంది, దూదిలా. నేను తవ్వుతున్నాను. బకెట్టు నిండా మేఘమే వస్తోంది. లేపబోతే లేవదు. లాగుతున్నాను, లాగుతున్నాను, అది నా మీదికే ముడుచుకుని వస్తోంది.

అప్పుడు ఎవరో నా కుడి చెయ్యి పట్టుకున్నారు. ఆపారు. ఎడమ చేతిని పట్టుకుని మెల్లగా వెనక్కి లాగారు. కలలో మేఘం లేచింది.

"అది కాదు. ఎడమ చేత్తో లేపు."

గోడ నుంచి వచ్చినట్టు, బొంగురుగా, చిన్నగా. నాకు మెలకువ వచ్చేసింది. కళ్ళు తెరవలేదు. తెరిస్తే మళ్ళీ గోడకు తిరుగుతాడు, నాకు తెలుసు. నిద్రలో నా చేతులు గాల్లో ఆడుతున్నాయన్నమాట. ఆయన చూశాడన్నమాట. గోడ వైపున్నవాడు ఇటు తిరిగాడన్నమాట.

నిద్రలో ఉన్నట్టే చేతులాడించాను. కుడి చెయ్యి తప్పు లాగితే వేళ్ళు ముడిచి పట్టుకున్నాడు. ఎడమ మణికట్టు కింద తన అరచెయ్యి పెట్టి లేపాడు. కుడి చేతిని ముందుకు తోశాడు, మోచెయ్యి చాపడానికి. ఆ చేతులు ఎంత నెమ్మదో. నాకు ఎన్నోసార్లు వీపు రుద్దిన చేతులే, ఇంత నెమ్మదిగా ఎప్పుడూ లేవు. కొండతోనే ఇలా ఉండేవాడేమో. ఆఖర్న కుడి చేతిని పక్కలకు రెండుసార్లు ఆడించి, కడుపు మీద పెట్టి, వదిలాడు. బకెట్టుకంటిన మట్టి దులపడం కాబోలు.

సాయంత్రం గోతిలో ఎడమ చేత్తో లేపాను. లేచింది.

నొప్పి: రాయను. అది ఆయన సంగతి.

నవంబరు 21

మళ్ళీ.

నవంబరు 22

నిద్ర నటించడం నాకు కొత్త కాదు. బళ్ళో మొదటి బెంచీలో కూర్చుని గురక పెట్టి నటించినదాన్ని. కానీ ఇది వేరు. నటిస్తూ నటిస్తూ ఎక్కడో నిజంగానే మునిగిపోతున్నాను, ఆయన చేతులే నన్ను పైకి తెస్తున్నాయి. మాట్లాడడు. ఆ ఒక్కరోజే మాట్లాడాడు. ఎత్తడం, చాపడం, ముడవడం, తిరగడం, విప్పడం, ఆఖర్న ఆ దులుపుడు. ఎప్పుడూ అదే వరస.

గోతిలో పని బాగా వస్తోంది. ఎడమ చేత్తో లేపి, మట్టి అదే చోట మళ్ళీ పోస్తున్నాను.

నవంబరు 24

ఇవాళ వచ్చిన పనినే తప్పు చేశాను, కావాలని. తప్పు చేస్తే ఎక్కువసేపు పట్టుకుంటాడు. నేర్చుకోవడానికే. గట్టిపడాలి కదా చెయ్యి.

నవంబరు 25

మరీ ఎక్కువ తప్పులు చేశాను.

నవంబరు 26

నా కొంప నేనే ముంచుకున్నాను. మోచెయ్యి చాపమని ఆయన నా చేతిని తోస్తుంటే గిలిగింత పెట్టింది. పెదవి బిగబట్టాను గానీ పొట్ట ఊగింది. చేతులు ఆగిపోయాయి. నేను గురక పెట్టాను, అది మరీ ఎక్కువైంది. ఆయన మెల్లగా నా రెండు చేతులూ పక్కన పెట్టేశాడు. మంచం కిర్రుమంది. తర్వాత కళ్ళు తెరిచి చూస్తే వీపు.

నవంబరు 27

నటించాను. రాలేదు.

చెవి మామూలు రంగులోనే ఉంది. ఏమండీ, ఎల్లుండి టిప్పరు నింపాలి అని ఆ చెవికి చెప్పాలనిపించింది. చెప్తే ఇన్నాళ్ళ నిద్రా అబద్ధమని ఒప్పుకున్నట్టు. అలా ఒప్పుకుంటే ఆయన చేతులు కూడా అబద్ధమైపోతాయి. చెప్పలేదు.

సాయంత్రం గోతిలో చేతులు మళ్ళీ కలగాపులగమయ్యాయి. మట్టి పోయాల్సిన చోట పోయలేదు. మరిది చూసి, ఏమైంది వదినా అన్నాడు. నిద్ర చాల్లేదన్నాను.

నొప్పి: నాది. ఎక్కడో చెప్పలేను.

నవంబరు 28

మధ్యాహ్నం పడుకున్నాను. చేతులాడించలేదు. ఇక నటన ఎందుకని ఊరికే కళ్ళు మూసుకున్నాను. రేపు ఎలాగూ తగిలిస్తాను, ఎల్లుండి సవతి వెళ్ళిపోతుంది, ఈయన ఈ గోడ పక్కనే ముసలివాడైపోతాడు, నేను కర్ర లేపుతూ ఉంటాను అనుకుంటున్నాను. ధూళి వెలుగులో తిరుగుతోంది, రెప్పల్లోంచి కనిపిస్తోంది. నిద్ర పట్టిందో లేదో.

నా చేతులు రెండూ వాటంతటవే లేచాయి. ఎత్తడం. చాపడం. ముడవడం. లేపింది నేను కాదు, మణికట్ల కింద ఆయన అరచేతులు. ఇవాళ నేనొక్క తప్పు కూడా చేయలేదు, ఆయన ఒక్కసారి కూడా ఆపలేదు. మొదట్నుంచి చివరిదాకా ఒకే వరస, నీళ్ళలో ఈత కొట్టినట్టు. ఆఖర్న కుడి చేతిని పక్కలకు రెండుసార్లు. ఇది మాత్రం ఇవాళ గట్టిగా, మరిచిపోకు అన్నట్టు నొక్కి పట్టి.

నవంబరు 29

పొద్దున్న ఆయనకు ఏమీ చెప్పకుండా బయల్దేరాను. గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే వెనక మంచం కిర్రుమంది. తిరిగి చూడలేదు.

మళ్ళీ పొగమంచు. గేటు దగ్గర నా బదులు టీ ముసలాయన కర్ర పట్టుకున్నాడు. లేపనన్నాడు. ఏం కావాలన్నాను. అన్నా అని పిలవమన్నాడు. పిలిచాను.

అంచు మీద టిప్పరు నిలబెట్టారు. చూద్దాంగారు ఈసారి కుర్చీ తెచ్చుకోలేదు, బండికి అందనంత దూరంలో నిలబడ్డాడు. సీటు గుంటలో ఒదిగాను. చేతులు లివర్ల మీద వేసి కళ్ళు మూసుకున్నాను. పిచ్చిపని, తెలుసు. ఒక్క క్షణమే. ఆ చీకట్లో మా గది ఉంది, ధూళి తిరుగుతోంది, మణికట్టు కింద ఒక అరచెయ్యి ఉంది. కళ్ళు తెరిచేసరికి చేతులు పని మొదలుపెట్టాయి.

ఎడమ చేత్తో లేపాను. లేచింది. కొండ మెత్తగా ఉంది. మంచులో టిప్పరు అంచు కనిపించీ కనిపించకుండా ఉంది, అయినా అదెక్కడుందో నా మోచేతికి తెలుసు. పోశాను. తిరిగాను. తవ్వాను. పోశాను. ఇంజను రొద దూరంగా వెళ్ళిపోయింది. ఎంతసేపు చేశానో తెలియదు. టిప్పరు డ్రైవరు చెయ్యూపితే గానీ నిండిందని తెలియలేదు.

ఎక్కడా తగల్లేదు.

ఇక ఆఖరిది. పెద్ద చెయ్యిని పైకెత్తి, చాపి, కుడి లివరు పక్కలకు రెండుసార్లు ఆడించాను, మట్టి దులపడానికి. అంతెత్తున బకెట్టు ముడుచుకుని విచ్చుకుంది, మళ్ళీ ముడుచుకుని విచ్చుకుంది. కింద నుంచి చూస్తే కొండంత అరచెయ్యి టాటా చెప్పినట్టుందట. చూద్దాంగారు కంగారుపడి తనూ చెయ్యెత్తి టాటా చెప్పాడు. టిప్పర్ల వాళ్ళు హారన్లు కొట్టారు. టీ ముసలాయన కర్ర లేపాడు, దించాడు, లేపాడు.

మరిది మెట్టెక్కి అద్దంలోంచి అడిగాడు.

"ఆఖర్న అదేంటి వదినా?"

"మట్టి దులపడం. మీ అన్నయ్య పద్ధతి."

"అన్నయ్యా? జన్మలో ఎప్పుడూ చేయలేదు. మట్టి దులపాలంటే బకెట్టు నేలకు కొడతాడు."

నేను సీట్లోంచి లేచి నిలబడ్డాను. మంచు పలచబడుతోంది. ఊరి ఇళ్ళు ఒక్కొక్కటే తేలుతున్నాయి. మా ఇల్లు తేలింది. మా గది కిటికీ తెరిచి ఉంది. అంత దూరానికి మనిషి కనిపించడు, తెల్లగా ఒక చొక్కా కనిపిస్తుంది. అది నిలబడి ఉంది. ఆ చొక్కా పక్కన చెయ్యి పైకి లేచి, ముడుచుకుని విచ్చుకుంది. మళ్ళీ ఒకసారి.

దగా. ఇరవై ఏళ్ళుగా అందర్నీ ఆటపట్టించే నన్ను, నా చేతులతోనే.

ఇంటికెళ్ళేసరికి కిటికీ చట్రం పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు, భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు. ఒక చేత్తో నడుము పట్టుకుని, నొప్పి ఓర్చుకుంటూ నవ్వుతున్నాడు.

"ఎప్పుడు తెలిసింది మీకు?" అన్నాను.

"మొదటి రోజే. నువ్వు నిద్రపోతే నోరు తెరుచుకుంటుంది."

అన్ని రోజులూ నోరు మూసుకుని పడుకున్నాను. ఇల్లాలి నిద్ర ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. చూద్దాంగారు ఏమన్నాడని అడిగాడు. బండి ఉంచుదాం అన్నాడని చెప్పాను. కాసేపు కొండ వైపే చూశాడు. తర్వాత గుమ్మం దాకా నడిచాడు, అక్కణ్ణుంచి గేటు దాకా. గోడ పట్టుకుంటూనే. నేను వెనకాలే నడిచాను, పట్టుకోమంటాడేమోనని. అనలేదు.

నొప్పి: ఉంది. నవ్వితే ఎక్కువట.

నవంబరు 30

సెలవు. మధ్యాహ్నం తిని ఇద్దరం పడుకున్నాం. కిటికీ తెరిచే ఉంది, గది నిండా వెలుగు. నాకు నిద్ర రాలేదు. ఆయన వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఆయన చేతులు రెండూ గాల్లోకి లేచాయి. ఎత్తడం, చాపడం, ముడవడం. ముడవడం దగ్గర తప్పు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అక్కడే తప్పు. ఆ పని ఆయన జీవితంలో తప్పు చేసి ఉండడు.

నోరు మూసే ఉంది.

చెయ్యి పట్టుకున్నాను.